నా నోరు పక్కింట్ల ఉంటుండె

జర దగ్గరికి జరుగుండ్రి. గడప అవతల ఎందుకు నిలబడ్డరు, లోపలికి రాండ్రి, చాప మీద జాగ ఉన్నది. నా గొంతు పుట్టుకతోటే చిన్నది, దూరమున్నోళ్లకు వినవడది. పక్కపొంటి కూసుంటె చెప్త. ఎవ్వల్కి చెప్పని ముచ్చట, మీకే చెప్తున్న.

నేను జాకెట్లు కుడ్త. కేసముద్రంల మార్కెట్‌కు పోయే తొవ్వకు మా ఇల్లు. ముందటి అర్రనే దుకాణం. ఒక మిషిను, ఒక ఓవర్‌లాక్ మిషిను, బట్టలు ఏలాడదీసే తీగ, ఒక అద్దం. మక్కల కాలం వస్తె ట్రాక్టర్లు, పత్తి కాలం వస్తె లారీలు, పొద్దంత దుమ్ము లేస్తది. పట్టు జాకెట్ల మీద పాత చీర కప్పిపెడ్త. మా ఆయన ఆ లారీలల్లనే ఒకదానికి డ్రైవరు. లోడెక్కిండంటె ఎన్నడొస్తడో ఆయనకే తెల్వది.

మా పుట్టిల్లు లింగాల ఘనపూర్ దిక్కు చిన్న ఊరు. చిన్నప్పుడు ఇంటికి సుట్టాలొస్తె నేను గడ్డివాము ఎన్కకు పోయి నిలబడుతుంటి. వాళ్లు పోయెదాక రాకపోతుంటి. మా అవ్వ "దీని నోట్లె నాలికె లేదు, రేపు అత్తింట్ల ఎట్ల బతుకుతదో" అని రంది పెట్టుకుంటుండె. బాపు మాత్రం "నాలిక లేకుంటేంది, చేతులున్నయి కదా" అని అయిదో తర్గతి కాంగనె జనగామల మా మేనత్త ఇంట్ల ఉంచి కుట్టు నేర్పిచ్చిండు. మేనత్త ఇంట్ల మిషిను గోడ దిక్కు మొకం పెట్టి ఉండె. గిరాకి నా ఎన్కకెల్లి వస్తుండె, పోతుండె. మాటలన్ని మేనత్తయి. నేను గోడకున్న సున్నం పెచ్చులు చూస్కుంట తొక్కుతుంటి. గందుకే కుట్టుపని అంటె మాట్లాడే అవసరం లేని పని అనుకున్న. లగ్గమై వచ్చి నా సొంతంగ దుకాణం పెట్టుకున్నంక తెల్సింది, అందుల సగం పని నోటిదే అని.

దుకాణం తెరిచిన కొత్తల ఒకామె వచ్చింది. మెడ ఎన్క ఏ డిజైన్ బాగుంటదని అడిగింది. నా మన్సుల జవాబు ఉన్నది, ఆమె మెడ పొట్టిది, గుండ్రం మెడ పెడ్తె మంచిగ కనవడ్తది. ఆ మాట మన్సుల నుంచి గొంతు కాడికి వచ్చి ఆగిపోయింది. నేను ఆమె బట్ట దిక్కు చూస్తున్న, ఆమె నా దిక్కు చూస్తున్నది. జరసేపు చూసి బట్ట సంచిల పెట్టుకొని పోయింది. బజార్ల ఎవల్తోనో అన్నదంట, ఆ టైలరామెకు మస్తు పొగరు, మాట్లాడితె ముత్యాలు రాలిపోతయనుకుంటది అని. పొగరు కాదు. భయమూ కాదు. ఏందో నాకే తెల్వది. మంది ముందట నిలబడితె నాకు ఒళ్లు అలిసిపోతది. ఒక్క గిరాకి వచ్చి పోతె, పది బారల బట్ట ఉతికి ఆరేసినట్టైతది.

నన్ను బతికిచ్చింది పక్కింటక్క.

ఆమె పెనిమిటి మార్కెట్ల హమాలి పని చేస్తుండె, పోయి చాన్నాళ్లయింది. ఒక్కతే బిడ్డ, భూపాలపల్లికి ఇచ్చింది. ఇంట్ల ఒక్కతే ఉండలేక చిక్కుడుకాయల చాట పట్టుకొని మా మెట్టు మీద కూసునేది. ఒకనాడు నేను గిరాకి ముందట గుడ్లు తేలేసి నిలబడ్డప్పుడు, చిక్కుడుకాయలకు పీసు తీసుకుంటనే లోపలికి మొకం పెట్టి, ఆ వచ్చినామెను, చేతులకు గింత పెద్ద బార్డర్ పెట్టిపిచ్చుకుంటవా, మీ ఆయన గుర్తువట్టక ఎవలమ్మ నువ్వు అంటె మల్ల మా మీదికి లడాయికి రావద్దు అన్నది. ఆమె నవ్వింది. బట్ట ఇచ్చి పోయింది. ఆ దినం సంది అక్క మా మెట్టు ఇడువలేదు. ఎవ్వలం ఏం మాట్లాడుకోలేదు, జీతం లేదు, ఒప్పందం లేదు. పొద్దుగాల ఆమె చాట పట్టుకొని రావుడు, నేను రెండు గిలాసలల్ల చాయ పోసుడు. గంతే.

మా పనిల ఆది జాకెట్ అని ఒకటుంటది. కొత్త గుడ్డ తెచ్చేటోళ్లు, తమకు సక్కగ పట్టే పాత జాకెట్ ఒకటి దానితోని పాటు తెస్తరు. దాన్ని పరిచి, సుద్దతోని గీసి, కొత్తది కోసుకోవాలె. మనిషిని ముట్టుకునుడు లేదు, చేతులు లేపు, నిటారు నిలబడు అని చెప్పుడు లేదు. నాసొంటోళ్ల కోసమే దేవుడు ఆది పుట్టిచ్చిండు అనుకుంటుంటి. గని ఆది జాకెట్ నిన్నటి మనిషినే చెప్తది. అది కుట్టిచ్చుకున్నంక ఆమెకు పిల్లలైనరో, జరాలొచ్చి చిక్కిందో, కడుపు కోసి ఆపరేషన్ చేసిండ్రో బట్టకేం తెల్సు. గది అడిగి తెల్సుకోవాలె. ఆ అడుగుడు అక్కది. బిడ్డ ఎట్లున్నది, పాలిస్తుందా, మీ అత్తకు మోకాళ్లు తగ్గినయా అని ఆమె ముచ్చట పెడుతుంటె గిరాకి కడుపుల ఉన్నదంత మా మెట్టు మీద కుప్ప పోస్తుండె. వాళ్లు పోయినంక అక్క చాటల నుంచి తల ఎత్తకుంట "సంకల కాడ వేలంత ఇడువు" అంటుండె. నేను ఇడుస్తుంటి. నా చేతిల మంచిగ కుదుర్తయని ఊర్ల పేరొచ్చింది. కుదిరిచ్చింది ఎవలో మా ఇద్దరికే ఎరుక.

తండాల నుంచి వచ్చే ఆడోళ్లతోని వాళ్ల భాషల మాట్లాడాలని చూస్తుండె అక్క. సగం తప్పులే. వాళ్లు పొట్ట పట్టుకొని నవ్వి, ఆ మాట గట్ల కాదు అవ్వా అని నేర్పిచ్చి, ఆ నవ్వుల్నే బట్ట ఇచ్చి పోతుండ్రి. నేను మిషిను ఎన్క కూసొని వింటుంటి. నాకు అన్నిటికన్న ఇష్టమైన పని గదే, వినుడు.

రెండేండ్ల కింద అక్క బిడ్డకు కవలలు పుట్టిండ్రు. బిడ్డ దవాఖానల నర్సు, అల్లుడు బొగ్గుబాయిల షిఫ్టుల పని. ఎండకాలం దాక ఉండి వస్తనని అక్క తాళంచెవి నా చేతిల పెట్టి పోయింది. ఎండకాలం పోయింది, వానలు పడ్డయి, పత్తి తీసుడైంది. పిల్లలు పాకవట్టిండ్రు, ఇగ ఇప్పుడెట్లొస్త అన్నది.

అక్క లేని దుకాణంల నేను ఎట్ల చేసిననో చెప్పాలె. గిరాకి వస్తె తల ఊపుతుంటి. ఎప్పుడిస్తవు అంటె వేళ్లు చూపిస్తుంటి. వాళ్లు ఏమన్న ముచ్చట షురూ చేస్తె మిషిను తొక్కుడు షురూ చేస్తుంటి, ఆ సప్పుడుల నేను మాట్లాడకపోయినా నడుస్తదని. కొందరు ఓర్సుకున్నరు. కొందరు నాకు పానం బాగలేదనుకున్నరు. మా ఆయన ఫోన్ల, మాట్లాడు, మాట్లాడితె పోయేదేముంది అంటడు. ఈత రానోన్ని బాయిల పడేసి గట్టు మీదికెల్లి ఈదు ఈదు అన్నట్టు.

గప్పుడే ఒక పటేలమ్మ ఒడిబియ్యం జాకెట్ తెచ్చింది. వాళ్ల బిడ్డను నర్మెట్ట దిక్కు ఇచ్చిండ్రు. ఒడిబియ్యమంటె మీకు తెల్సిందే, పుట్టింటోళ్లు ఆడబిడ్డ ఒళ్లె పసుపు బియ్యం పోసి, కొత్త చీర జాకెట్ పెట్టి పంపుతరు. పుట్టింటి బట్ట ఒంటి మీదుంటెనే ఆ ఒడికి అందం. పటేలమ్మ పట్టు గుడ్డ, దానితోని ఒక ఆది జాకెట్ ఇచ్చింది. ఆది పాతగ, అంచులు రంగు పోయి ఉన్నది. దాన్ని చూడంగనె నాకు అనుమానమొచ్చింది. ఇది ఎప్పటిదమ్మా అని అడగాలె. మాట నాలిక మీదికి వచ్చింది. ఆమె ఎవల్తోనో ఫోన్ మాట్లాడుకుంట నా మొకం దిక్కు ఒకసారి చూసింది, నేను గుడ్డ మడత పెట్టుకున్న. ఆమె పోయింది. నేను ఆదిని పరిచి సుద్ద గీసిన.

ఒడిబియ్యం నాడు ఆ పిల్లకు జాకెట్ భుజాలు దాటి రాలేదంట. వేరే రంగు పాత జాకెట్ ఏస్కొని ఒడి పట్టిందంట. పటేలమ్మ తెల్లారి వచ్చింది. కొట్లాడుతదనుకున్న. కొట్లాడలేదు. జాకెట్ నా మిషిను మీద పెట్టి, మెల్లగ, "గది దాని పెండ్లికి ముందటి ఆది బిడ్డా. ఇప్పుడది ఇద్దరు పిల్లల తల్లి. ఒక్క మాట అడుగకపోతివా" అన్నది.

తిట్టినా బాగుండు. తిట్టు అయితె ఇటు నుంచి ఇని అటు నుంచి ఇడుస్తం. ఆమె పోయినంక గూడ ఆ మాట దుకాణంలనే నిలబడ్డది. అటెన్క స్టేషన్ తొవ్వల ఒక పిల్ల అద్దాల తలుపుల కుట్టు దుకాణం తెరిచింది. ఫోన్ల వీడియోలు పెడ్తది, అక్కలు, చెల్లెండ్లు, నమస్తె, ఇయ్యాల మనం పఫ్ చేతులు చూద్దాం అని నవ్వుకుంట చెప్తది. మంచి పిల్ల, ఆమెను అనేదేం లేదు. నా గిరాకి మెల్లమెల్లగ ఆ తొవ్వ వట్టింది. తండా ఆడోళ్లు మాత్రం మా మెట్టు కాడ ఆగి, ఖాళీ మెట్టును చూసి, అవ్వ ఎన్నడొస్తది అని అడిగి పోతుండ్రి.

ఒకనాడు పగటాల అక్క ఫోన్ చేసింది. రోజు మాట్లాడె గొంతు కాదు, గుసగుసలు. మిద్దె మీదికి బట్టలు తియ్యనీకి వచ్చి చేస్తున్న అన్నది. అల్లుడు కేసముద్రం ఇల్లు కిరాయికిచ్చేద్దాం అంటున్నడంట. సామాన్లు తెచ్చేసుకొని ఇగ ఈడనే ఉండమంటున్నడంట. చెడ్డగ ఏం చూస్తలేరు, కడుపు నిండ పెడ్తున్నరు, గని ఈడ నాకు మాట్లాడ మనిషి లేదే, తలుపులన్ని మూసే ఉంటయి, పిల్లల భాష పిల్లలది, నా నోరు పాసి పోతున్నది అన్నది. నేనే పోత అంటె బిడ్డ, పిల్లలు నీకు బరువైండ్రా అవ్వా అని ఏడుస్తదంట. తల్లి నోటితోని చెప్పరాని మాట గది.

"నువ్వొక్కసారి రా" అన్నది. "వచ్చి నా బిడ్డకు చెప్పు. అక్క లేక నా దుకాణం మునుగుతున్నది, నా అక్కను నాకు పంపు అను. గింతే అను. నీ మాటైతె కాదనది."

ఇన్నేండ్లు నా నోరై బతికిన మనిషి. ఒక్కసారి తన దిక్కు నన్ను మాట్లాడుమన్నది. నేను ఊఁ అన్న.

పొద్దుగాల రైలెక్కి వరంగల్ దిగి, హన్మకొండ బస్టాండ్ల భూపాలపల్లి బస్సు పట్టుకున్న. పరకాల దాటెదాక ఆ మాటనే మన్సుల అనుకుంట పోయిన. అక్కను పంపు బిడ్డా, దుకాణం నడుస్తలేదు. అక్కను పంపు బిడ్డా. కిటికి అద్దం మీద నా ఊపిరి పడుతున్నది, పెదవులు కదులుతున్నయి. పక్క సీట్ల ముసలాయన నేను మంత్రం చదువుతున్ననని అనుకున్నడేమొ, జర జరిగి కూసున్నడు. బొగ్గు లారీలు ఎదురుగ రావట్టినయి. దిగెటప్పటికి నోరంత ఎండిపోయి ఉన్నది.

అక్క బిడ్డ తలుపు తీసింది. డ్యూటీ దిగి అప్పుడే వచ్చినట్టుంది, కండ్ల కింద నలుపు, జుట్టుకు రబ్బరుబ్యాండు. చిన్నమ్మా అని చేతులు పట్టుకున్నది. ఎంత దూరమొచ్చినవ్, మా అవ్వ మీ ముచ్చట తియ్యని దినం లేదు అన్నది. అన్నం పెట్టింది, తలకాయ కూర వండింది నా కోసమని. పిల్లలిద్దరు అక్క కొంగు పట్టుకొని ఏలాడుతున్నరు. అక్క నా ఎదురుంగ కింద కూసొని ఆరిన బట్టలు మడత పెడుతున్నది. నన్ను చూస్తలేదు గని, ఆమె చెవులు నా దిక్కే ఉన్నయి.

అన్నం తిన్న. చెయ్యి కడుక్కున్న. పిల్లల్ని ఎత్తుకున్న. ఓపెన్‌కాస్ట్ బాయిల బొగ్గు పేల్చే యాళ్లయింది కావచ్చు, ఒక్కసారి నేల దద్దరిల్లి అరుగు మీద గిలాసలు గల్లుమన్నయి. అప్పుడే పండుకున్న ఒక పిల్లగాడు లేసి ఏడ్చిండు. బిడ్డ ఉరికింది, ఎత్తుకున్నది, అట్లనే గోడకానుకొని కండ్లు మూసింది. నిలబడే నిద్రపోతున్నది పాపం. ఈమె తల్లిని నాకియ్యమని ఎట్లనాలె. అనకపోతె ఈ బట్టలు మడతపెట్టే మనిషికి ఏం కావాలె. రెండు దిక్కుల నుంచి గుంజుతున్నరు, నడుమ నా నాలిక.

బిడ్డనే కండ్లు తెరిచి అడిగింది.

"దుకాణం ఎట్ల నడుస్తున్నది చిన్నమ్మా?"

చూడుండ్రి, తొవ్వంత సాఫ్ చేసి నా ముందట పెట్టింది. ఒక్క అడుగు ఏస్తె చాలు. అక్క చేతిల చిన్న అంగి అట్లనే ఆగింది.

"మంచిగనే నడుస్తున్నది బిడ్డా" అన్న.

ఎవలన్న ఎట్లున్నవ్ అంటె మంచిగున్న అంటం కదా, గదే బయటికొచ్చింది. నేను అనుకున్నది కాదు, నోటికి అలవాటైంది. బిడ్డ ఊపిరి పీల్చుకున్నది. నాకు గదే రంది ఉండె చిన్నమ్మా, మా అవ్వను ఈడ పెట్టుకొని మీకు ఇబ్బంది చేస్తున్నమని, ఇగ నిమ్మలమైంది అన్నది. ఆ నిమ్మలం ఆమె మొకంల చూసినంక, మాటను మల్ల ఎన్కకు ఎట్ల తీస్కోవాలె. తీస్కోవాలని గంటసేపు కూసున్న. పిల్లలు నవ్విండ్రు, ఏడ్చిండ్రు, అక్క చాయ పెట్టింది. నేను బస్సుకు యాళ్లయితున్నది అన్న.

అక్క నన్ను బస్టాండ్ దాక సాగనంప వచ్చింది. తొవ్వ పొంటి ఏం మాట్లాడలేదు. నాకు తెల్సినంక ఆమె అంతసేపు నోరు మూసుకున్నది గప్పుడే. బస్సొచ్చినంక నా కొంగుకు ఏదో దారప్పోగు అంటుకొని ఉంటె తీసి పారేసింది.

"కత్తెరను తెచ్చి కుట్టుమంటి" అన్నది. "తప్పు నాదే. నువ్వు రంది పెట్టుకోకు. పో, కిటికి పక్కన కూసో, నీకు వాంతులైతయి."

బస్సు కదిలెదాక ఆడనే నిలబడ్డది. పక్కన నిలబడ్డ ఒక ముసలామెతోని అప్పుడే ముచ్చట షురూ చేసింది, చెయ్యి తిప్పుకుంట. ఆ ముసలామె ఎవలో ఆమెకు తెల్వది. ఆకలైనోళ్లు తిన్నట్టు మాట్లాడుతున్నది.

పత్తి మల్ల మార్కెట్‌కు వచ్చే యాళ్లకు అల్లుడు ట్రాలీ ఆటో తీస్కొచ్చిండు, ఎంబడి అక్క గూడ వచ్చింది. సామాను ఎంతున్నదని. ఒక మంచం, బీరువ, గిన్నెలు, దేవుని పటాలు. నేను తాళంచెవి ఇచ్చి, గిన్నెలు బట్టల్ల చుట్టిచ్చిన. అల్లుడు తాడు కడుతుంటె అక్క మా దుకాణంలకు వచ్చింది. మెట్టు మీద కూసోలేదు. లోపలికి వచ్చి అద్దం ముందట నిలబడ్డది, సంచిల నుంచి ఒక గుడ్డ తీసింది.

"నాకో జాకెట్ కుట్టియ్యి. ఆది తేలేదు. కొలత తీస్కో."

ఇన్నేండ్లల్ల ఆమె ఒంటి మీద నేను టేపు పెట్టలేదు. ఆమెయి ఆది మీదనే కుడుతుంటి. వీపు మీద టేపు పెట్టిన, భుజం కాడ పెట్టిన, చుట్టు తిప్పి ముందటికి తెచ్చిన. నేను అనుకున్న దానికన్న మస్తు లోపలికె టేపు కలిసింది. మనిషి చిక్కింది. చీర మీదికెల్లి తెలుస్తలేదు, టేపుకు తెలిసింది. అక్కా ఇట్లైనవేంది అనాలె. పోకు అనాలె. అల్లుడు బయటనే ఉన్నడు, నాలుగడుగులేస్తె చాలు, ఇప్పుడన్న అనొచ్చు. టేపు రెండు కొసలు వేళ్లతోని పట్టుకొని అట్లనే నిలబడ్డ.

"గిట్ల సప్పుడు లేకుంట కొలుస్తుంటె భయమైతదే" అన్నది అక్క, అద్దంల నన్ను చూసుకుంట. "గిరాకికి గూడ గిట్లనే అనిపిస్తుండె కావచ్చు. ఏదన్న అను."

"చేతులు లేపు" అన్న.

అక్క నవ్వింది. నవ్వి నవ్వి కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఆ నీళ్లు తుడుసుకోకుంటనే చేతులు లేపింది, నేను సంక కొలత తీసిన. బయట అల్లుడు అత్తమ్మా అని పిలిచిండు.

ఆ ఇంట్ల ఇప్పుడు కిరాయికి ఉన్నోళ్లు ఉన్నరు. తలుపు పెట్టుకొని ఉంటరు, నేను గూడ తలుపు కొట్టలేదు. అక్క జాకెట్ కుట్టి మానుకోట నుంచి భూపాలపల్లి పోయేటోళ్లతోని పంపిన. సక్కగ కుదిరిందని ఫోన్ చేసింది. మాట మీద మాట, పొయ్యి మీద పప్పు మాడెదాక మాట్లాడుతది. నేను వింట. పెట్టేసెటప్పుడు, నువ్వేం చెప్పకపోతివి అంటది. ఏం లేదక్కా, మంచిగున్న అంట.

నా ముందటి అర్రకు ఇప్పుడు గిరాకి రాదు. స్టేషన్ తొవ్వ పిల్లనే పని ఇస్తున్నది. ఆమె ఆడ మనుషులతోని మాట్లాడి, కొలతలు తీసి, గుడ్డలు కోసి, సుద్ద గీతలు పెట్టి మూట కట్టి పంపుతది. నేను కుట్టి పంపుత. ఎవల జాకెటో తెల్వది, ఏ పండుగకో తెల్వది, ఎవల ఇంట్ల బిడ్డ పుట్టిందో తెల్వది. ఎవ్వలు వచ్చి నా ముందట నిలబడరు. నాకు ఒళ్లు అలుస్తలేదు. చిన్నప్పటి సంది నేను కోరుకున్న పని ఇదే కావచ్చు. మిషిను ఆపినప్పుడు మాత్రం మెట్టు దిక్కు చూస్త. ట్రాక్టర్లు పోతుంటయి.

ఇగ లేవుండ్రి, మీ ఇండ్లల్ల మీకోసం ఎదురుసూస్తుండొచ్చు. మీ ఇల్లు సల్లగుండ. మీ వడ్ల గుమ్ములు నిండి ఉండ, మీ పిల్లలు నవ్వుకుంట తిరుగ. మీ ఇంట్ల మాట రాని మనిషి ఎవలన్న ఉంటె, వాళ్ల దిక్కు మాట్లాడెటోళ్లు గోడ పక్కనే కలకాలం ఉండ. మాట వచ్చెటోళ్లు ఉంటె, వాళ్ల మాట వినే చెవులు వాళ్లకు ఏ ఊర్ల పోయినా దొరుక.